తాళం తగలక ముందు

పదహారేళ్ల కిందట, శ్రీరామనవమికి ముందు రోజు మధ్యాహ్నం, మా ఊరి ఏకాహంలో రామనామం ఆగిపోయింది. ఆపింది నా కూతురని ఊరంతా అనుకుంది. ఇప్పటికీ అలాగే అనుకుంటోంది. అది ఆపింది నేను చెయ్యెత్తి ఆపమన్నందుకు. ఆ ఒక్క మాట ఆ రోజు నేను చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. తరవాత చెప్పకపోవడమే అలవాటైపోయింది.

ఏకాహం చూడనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. రామాలయం ముందు తాటాకు పందిరి వేసి, మధ్యలో పీట మీద దీపం పెట్టి, దాని చుట్టూ నెమ్మదిగా తిరుగుతూ రామనామం పాడతాం. నవమి ముందు రోజు పొద్దు పొడిచినప్పుడు మొదలుపెడితే నవమి నాడు పొద్దు పొడిచేదాకా ఆ నామం తెగకూడదు. ఎవరూ అంతసేపు పాడలేరు కాబట్టి గంటకొక జట్టు చొప్పున వంతులు వేసుకుంటాం. వంతు మారే దగ్గర మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. కొత్త జట్టుకి పెద్ద అయినవాడు చేతిలో తాళాలతో లోపలికి వచ్చి, పాత జట్టు గొంతులో గొంతు కలిపి, దీపం చుట్టూ ఒక చుట్టు తిరగాలి. ఆ చుట్టు పూర్తయ్యాక తన తాళాన్ని పాత జట్టు పెద్ద తాళానికి తాకించాలి. ఆ చప్పుడు వినిపించాకే పాతవాళ్లు నోరు మూయాలి. తాళం తగలక ముందు ఎవరు ఆపినా నామం తెగినట్టే. అప్పుడు ఎన్ని గంటలు పాడినా లెక్క లేదు, మళ్లీ మొదటి నుంచి ఇరవై నాలుగు గంటలు పాడాలి.

మా నాన్న ఆ భజన జట్టుకి పెద్ద. మాది ఆమదాలవలస పక్క ఊరు. రెండెకరాల వరి, మెట్టలో కాస్త నువ్వు చేను, ఇంట్లో ఒక హార్మోనియం. నాకు ఆమదాలవలసలో విత్తనాల కొట్టు ఉంది కానీ ఊళ్లో నన్ను ఎవరూ కొట్టుతో గుర్తుపట్టరు. హార్మోనియం గారి కొడుకు అనే అంటారు. నాన్న పిల్లలకి బళ్లో అక్షరాలు రాక ముందే తాళం పట్టుకోవడం నేర్పేవాడు. నాకూ అలాగే నేర్పాడు. నా గొంతు బాగానే ఉండేది. అయితే మనుషులు ఎక్కువగా ఉంటే మొదటి పదం దగ్గర వణికేది.

నా కూతురు పుట్టాక ఆయనకి నా గొంతు గురించిన బెంగ తీరిపోయింది.

ధనుర్మాసంలో తెల్లవారకుండానే మా జట్టు వీధుల్లో పాడుకుంటూ తిరిగేది. పిల్లకి మూడేళ్లప్పుడు మంకీ టోపీ పెట్టి నా భుజాల మీద కూర్చోబెట్టుకునేవాణ్ని. మృదంగం ఎలా వాయిస్తే అలా నా నెత్తి మీద రెండు చేతులతో దరువు వేసేది. పాట ఆగినా దరువు ఆపేది కాదు. ఇంటికి రాగానే మా ఆవిడ దాన్ని దింపుకుంటూ, "ఈ గుంట కొట్టీ కొట్టీ మీ నెత్తి మీద జుట్టు లేకండా సేసీసినాది" అనేది. నా బట్టతల అక్కడే మొదలైందని ఇప్పటికీ నమ్ముతుంది.

దాని ఎదుగుదల నేను హార్మోనియం పెట్టెతో కొలుచుకున్నాను. మొదట ఆ పెట్టె అంచు పట్టుకుని లేచి నిలబడింది. తరవాత పెట్టె మీద గడ్డం ఆనించి తాత వేళ్లు చూసేది. ఆ తరవాత ఆయన తిత్తి ఊదుతుంటే ఇటు పక్క నుంచి మెట్లు నొక్కేది. ఎనిమిదేళ్లకి ఆయన గొంతెత్తే లోపే అందుకునేది. ఒకసారి అందరం రామతీర్థం వెళ్లాం. కొండ మెట్ల మీద ఆయాసంతో కూర్చున్నప్పుడు ఊరికే పాడింది. దిగివస్తున్నవాళ్లు ఎవరో తెలియనివాళ్లు, మెట్ల మీదే కూర్చుండిపోయారు. పాట అయ్యాక ఒకావిడ తన చెంగులోని జామకాయ తీసి దాని చేతిలో పెట్టింది. ఆ రోజు నాన్న నాతో అన్నాడు.

"దీని గొంతులో బెదురు లేదురా. నీకున్నాది. దీనికి లేదు."

నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే గర్వంగా అనిపించింది.

దానికి పదకొండేళ్లు వచ్చిన ఏడు పిల్లల జట్టుకి దాన్నే పెద్దని చేశాడు. పిల్లల వంతు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా. రెండు గంటలకి మా వీధి జట్టు. దానికి పెద్దని నేను. ఆ ఉదయం తాత తన సొంత కంచు తాళాలు పెట్టెలోంచి తీసి దాని చేతికిచ్చాడు. ఎర్ర తాడు పాతబడిందని మా ఆవిడ కొత్త తాడు కట్టింది.

వంతు పాడే పెద్దలు తమ గంట అయ్యేదాకా ఏమీ తినకూడదు. అది కూడా నాన్న పెట్టిన నియమమే. ముందు రాత్రి నుంచి నేను తినలేదు. పందిరి వెనకాల పిల్లల కోసం పళ్లెంలో అటుకులు, బెల్లం, కొబ్బరి ముక్కలు పెట్టి ఉంచారు. రెండుకి పది నిమిషాల ముందు నేను అటు వెళ్లాను. ఎవరూ లేరు. ఒక గుప్పెడు నోట్లో వేసుకున్నాను. ఇంకో గుప్పెడు వేసుకున్నాను.

నములుతూ పందిరి గుంజ దగ్గరికి వచ్చి చూశాను. ఎండకి తాళలేక పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు. నా కూతురు, దాని వెనక ఇంకో ఇద్దరు మాత్రం మిగిలారు. దాని ముఖం కందిపోయి ఉంది. అయినా గొంతు ఒక్క పిసరు తగ్గలేదు. మా జట్టువాళ్లు నా వెనక బాల్చీ దగ్గర వంగి కాళ్లు కడుక్కుంటున్నారు. నేను చెయ్యాల్సింది నోరు పుక్కిలించి లోపలికి వెళ్లడం, దానితో ఒక చుట్టు తిరగడం, తాళం తాకించడం. నోట్లో అటుకులున్నాయి. అది అలిసిపోయింది. జాలి కూడా వేసింది, కాదనను. గుంజ దగ్గర నిలబడే కుడి చెయ్యి ఎత్తాను. చాలు, ఆపు, మేం అందుకుంటాం అని.

అది చూసింది. నా ఎడమ చేతిలోని తాళాల వైపు చూసింది. పాడుతూనే ఉంది. మళ్లీ నా ముఖం వైపు చూసింది. నేను చెయ్యి దించలేదు. అప్పుడు ఆపింది. వెనక తల వంచుకుని పాడుతున్న ఇద్దరూ దానితోపాటే ఆగిపోయారు.

నేను నోరు తెరిచాను. అటుకుల పొడి గొంతుకి అడ్డం పడింది. దగ్గు. కళ్లలో నీళ్లు. వెనకవాళ్లు నేను ఎత్తుకుంటానని చూస్తూ నిలబడ్డారు, ఎందుకంటే ఎత్తుకోవలసింది నేనే. నాలుగు ఊపిర్లు పీల్చేంతసేపు పందిట్లో ఏమీ లేదు. మైకు గుయ్యిమంటున్న చప్పుడు, తాటాకుల గలగల. ఆ తరవాత మా జట్టులో ఒకతను ఎవరూ చెప్పకుండానే నామం ఎత్తుకున్నాడు. అప్పటికే తెగిపోయింది.

ఊరంతా మైకు హారన్లు కట్టి ఉన్నాయి. పొద్దున్నుంచి వినిపిస్తున్నది ఒక్కసారిగా ఆగేసరికి అన్నం తింటున్నవాళ్లు కూడా చెయ్యి కడుక్కుని వచ్చేశారట. ఇంట్లో నడుం వాల్చిన నాన్న పై కండువా లేకుండా వచ్చాడు. ఆయన అలా వీధిలోకి రావడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఎవులు తెంచినార్రా?"

దీపం దగ్గర పువ్వులు సర్దుతున్న మా పక్కింటి అత్త చెప్పింది. ఆమె చూసింది చెప్పింది, ఆమె తప్పేమీ లేదు.

"గుంట ఆపీసింది మావా. తాళం తగల్లేదు, ఏటీ లేదు. సూస్తండగానే ఆపీసింది."

నాన్న పిల్ల వైపు చూడలేదు. నా వైపు చూశాడు. నేను అప్పుడే చెంబెత్తి నీళ్లు తాగుతున్నాను. ఉపవాసం ఉండవలసిన మనిషి ఎందుకు దగ్గుతున్నాడని ఎవరైనా అడుగుతారేమోనని నా భయం. నా భయమంతా అదే. చెంబు దించి, పోనీ వదిలెయ్యమన్నట్టు ఇలా అన్నాను.

"సిన్నపిల్ల నాన్నా. ఒగ్గీ."

ఈ పదహారేళ్లలో నేను ఈ రెండు మాటల గురించి ఆలోచించినంతగా మరి దేని గురించీ ఆలోచించలేదు. అబద్ధం ఆడలేదని చాన్నాళ్లు నాకు నేను చెప్పుకున్నాను. చేసిందేమిటంటే, దానికి లేని తప్పుని దాని మీద పెట్టి, ఆ తప్పుని నేనే పెద్దమనసుతో క్షమించాను. నలుగురూ మెచ్చుకున్నారు కూడా. "సూడండి, కూతుర్ని ఒక్క మాట అన్లేదు" అని ఎవరో అనడం నా చెవిన పడింది. నా కూతురు తాళాలు రెండు చేతులా పట్టుకుని నన్నే చూస్తోంది. ఏడవలేదు. నేను ఏదో చెబుతానని ఎదురుచూస్తున్నట్టు నిలబడింది.

మళ్లీ మొదటి నుంచి పాడాల్సి వచ్చింది. నవమి నాడు రెండు గంటల దాకా నామం అయితేనే గానీ కల్యాణం మొదలుపెట్టలేదు. ముహూర్తం దాటిపోయిందని పురోహితుడు గొణిగాడు. పానకం పులిసిపోయిందని ఆడవాళ్లు గొణిగారు. ఆ ఏడు నువ్వు చేలు ఎండితే, నామం తెగిన ఏడు ఇంకేటవుతాదని ఒక ముసలమ్మ మా గుమ్మంలోనే అంది. బళ్లో పిల్లలు పాట పోటీకి పేర్లు ఇస్తుంటే ఒకడు లేచి, "దాన్ని ఎట్టకండి టీచర్, మజ్జిలో ఆపీస్తాది" అన్నాడట. అది మా ఆవిడ చెబితే తెలిసింది. పిల్ల నాతో ఎప్పుడూ చెప్పలేదు.

నాన్న దాన్ని ఒక్క మాట అనలేదు. మరుసటి ఏడు తాళాలు ఇంకో పిల్లకిచ్చి దీన్ని వెనక వరసలో నిలబెట్టాడు. ఆ ఏడు అది దీపం చుట్టూ తిరిగింది కానీ పెదవులు కదపలేదు. ఆపై ఏడు పరీక్షలంది. ఆ తరవాత ఎవరూ పిలవలేదు.

పిల్లలు ఎదగడం తల్లిదండ్రులు రోజూ చూస్తూనే ఉంటారు. నేను మాత్రం మా పిల్ల నోరు మూసుకుని ఎదగడం చూశాను. మాట్లాడేది, నవ్వేది, నాతో విత్తనాల కొట్టుకి వచ్చి లెక్కలు కూడా వేసేది. పాట ఒక్కటి లేదు. స్నానం చేస్తున్నప్పుడైనా, బట్టలు ఆరేస్తున్నప్పుడైనా పాడుతుందేమోనని నేను పెరట్లో ఊరికే నిలబడేవాణ్ని. ధనుర్మాసంలో మా జట్టు మా వీధిలోకి వచ్చేసరికి దాని కిటికీ రెక్క మూసుకునేది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పడుకునేది. జట్టులో పాడుతూ ఆ కిటికీ వైపు చూడకుండా నడవడం నేర్చుకున్నాను.

నాన్న పోయే ముందు దానికి పదిహేడేళ్లు. ఆయన మంచం పట్టి మాట తగ్గిపోయింది. ఒక సాయంత్రం జట్టువాళ్లు వచ్చి మంచం చుట్టూ కూర్చుని మెల్లగా పాడుతున్నారు. ఆయన చెయ్యి కదిపి గుమ్మంలో నిలబడ్డ మనవరాలిని పిలిచాడు.

"నువ్వందుకోయే తల్లీ."

అది ఒక అడుగు ముందుకి వేసింది. నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు, ఆరేళ్ల కిందట పందిట్లో చూసిన చూపే. నాన్న బతికే ఉన్నాడు, చెవులు వినిపిస్తున్నాయి. ఒక్క మాట చాలు. నేను తల వంచుకుని ఆయన కాళ్లు పడుతున్నట్టు నటించాను. అది వంటింట్లోకి వెళ్లి తాతకి నీళ్లు తెచ్చింది.

ఆయన నిజం తెలియకుండానే పోయాడు.

పెళ్లిలో ముత్తైదువలు పాడమని బతిమాలితే నవ్వి తప్పించుకుంది. అల్లుడిది విజయనగరం. అక్కడే ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం చూసుకుంది. మనవరాలు పుట్టి మా ఇంట్లో ఉయ్యాల వేసిన రోజుల్లో, జోలపాట వినిపిస్తే నేను ఉలిక్కిపడి లేచి వెళ్లాను. ఉయ్యాల పక్కన ఫోను పెట్టి ఉంది. ఎవరో తెలియని ఆవిడ అందులోంచి పాడుతోంది. నా కూతురు ఉయ్యాల తాడు పట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది.

ఈ ఉగాదికి తల్లీబిడ్డలిద్దరూ వచ్చారు. మనవరాలికి నాలుగేళ్లు. ట్రంకు పెట్టె మూత తెరిచి ఉంటే అందులోంచి ముత్తాత తాళాలు తీసింది. ఎవరూ నేర్పకుండానే సరిగ్గా పట్టుకుంది. టంగుమని ఒకసారి కొట్టి, ఆ చప్పుడుకి తనే నవ్వి, మళ్లీ కొట్టింది. నా కూతురు వంటింట్లోంచి వచ్చి, మెల్లగా ఆ చేతుల్లోంచి తీసి బీరువా పైన పెట్టేసింది.

"అమ్మా, ఇయ్యి."

"వద్దు. వేరే ఆడుకో."

"ఎందుకు?"

"అది మొదలెడితే ఆపకూడదు. ఆపితే తిడతారు."

కోపంగా అనలేదు. వేడి గిన్నె ముట్టుకోకు అన్నట్టు అంది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. నేను దాచింది నా కూతురి దగ్గరే ఆగలేదని, దాని బిడ్డ చేతుల దాకా వచ్చిందని అప్పుడు తెలిసింది.

ఆ మధ్యాహ్నం అది పెరట్లో చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. కాసేపు నేనూ తీశాను.

"ఆ రోజు నేనే చెయ్యెత్తినాను" అన్నాను.

తల ఎత్తలేదు. "తెలుసు నాన్నా. నేను చూశాను కదేటి."

"మరి సెప్పలేదేటి, ఎవులకీ?"

"నువ్వు చెబుతావనుకున్నాను." ఒక గింజ తీసి పక్కన పడేసింది. "ఆ రోజు సాయంత్రం దాకా అనుకున్నాను. మర్నాడు కల్యాణంలో అనుకున్నాను. తాత మంచం దగ్గర అనుకున్నాను. తర్వాత అనుకోవడం మానేశాను."

చేతిలోని చింతపండు కింద పెట్టాను. "అమ్మా, నన్ను..."

"నాకు చెప్పకు నాన్నా. నాకు తెలిసిందే నాకు చెబితే ఏటొస్తాది? తెలీనోళ్లకి చెప్పు." నవ్వింది. "అటుకులేనా?"

"నీకెలగ తెలుసు?"

"నీ మీసం మీద ఉన్నాయి. నేను పాడుతూ చూశాను. నవ్వొచ్చింది కూడా, ఆపుకున్నాను."

నేనూ నవ్వాను. ఆ తరవాత చింతపండు కనపడలేదు, కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

నవమికి రమ్మన్నాను. సెలవు దొరికితే చూస్తానంది. ఏకాహం ముందు రోజు సాయంత్రం పాసింజరుకి తల్లీబిడ్డలు దిగారు. స్టేషనుకి ఆటో తీసుకుని వెళ్లాను. నేనేం చెయ్యబోతున్నానో చెప్పలేదు. చెప్పి చెయ్యకపోతే అది ఇంకో పదహారేళ్లు.

తెల్లవారుజామునే పందిట్లో అందరూ చేరారు. దీపం సిద్ధంగా ఉంది, ఇంకా వెలిగించలేదు. నామం మొదలైతే మధ్యలో మాట్లాడడానికి వీల్లేదు, అందుకే ముందే మైకు అడిగాను. మైకు కుర్రాడు నేను పాడతాననుకుని శబ్దం పెంచాడు. హారన్లు ఒక్కసారి కీచుమన్నాయి. నాతో చిన్నప్పటి నుంచి పాడినవాడు, వరసకి బావ, నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటి బావా, ఉపన్యాసమేటి? పొద్దు పొడిసీస్తంది. బేగి కానీ."

"ఒక్క మాటే" అన్నాను.

నా కూతురు ఆడవాళ్లలో, పూలబుట్ట దగ్గర, పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసింది. మళ్లీ అదే చూపు. మొదటి పదం దగ్గర నా గొంతు ఎప్పటిలాగే వణికింది. ఊరి చివర హారను దాకా ఆ వణుకు వెళ్లి ఉంటుంది. ఆపలేదు.

"పదారేళ్ల కిందట ఇదే పందిట్లో నామం తెగింది. నా కూతురు తెంచీసిందని మీరందరూ అనుకున్నారు. మా నాన్న కూడా అలగే అనుకుని పోనాడు. అది తెంచలేదు. నా వంతుకి ముందు నాను ఉపోసం ఇడిసి అటుకులు తిన్నాను. నోట్లో అటుకులెట్టుకుని, తాళం తాకించకండా, అక్కడ, ఆ గుంజ కాడ నిలబడి సెయ్యెత్తి దాన్ని ఆపమన్నాను. అయ్య సెప్పినాడని అది ఆగింది. నామం తెంచింది నాను. మీరు మళ్లీ మొదట్నుంచి పాడింది నా వల్ల. మీ అందరూ నన్ను సెమించాల."

మైకు గుయ్యిమంటోంది. ఈసారి నేను నీళ్ల చెంబు వైపు చూడలేదు, దాని వైపు చూశాను.

"అమ్మా, తప్పు నాది. నా తప్పుని నీ నెత్తినెట్టి, సిన్నపిల్ల ఒగ్గీండని నానే సెప్పినాను. నీ పాట నాను పోగొట్టినాను. నువ్వు మళ్లీ పాడాలని అడగను. నన్ను సెమించు తల్లీ."